గోటి మీద నలుపు: ఎక్కడి నుంచి వచ్చింది, ఎటు పోతోంది?

2024 మే 13న ఓటేసి వచ్చినప్పుడు నా ఎడమ చూపుడువేలి మీద గీసిన సిరా, చర్మం మీద రెండు వారాల్లో చెరిగిపోయింది. గోటి మీది గీత మాత్రం సబ్బుకూ లొంగలేదు, నిమ్మచెక్కకూ లొంగలేదు. జూన్ నెలాఖరుకు చూస్తే గోటి మొదట్లో కొత్తగా తెల్లని జాగా పుట్టి, నలుపు కాస్త ముందుకు జరిగి ఉంది. వినాయక చవితికి గోటి కొసన సన్నని నల్లంచు మాత్రం మిగిలింది. గోళ్లు తీసుకున్న రోజున అదీ పోయింది.

ఆ సిరాలో ఉండేది సిల్వర్ నైట్రేట్. చర్మం మీది ఉప్పుతో కలిసి, వెలుతురు తగిలి నల్లబడుతుంది. 1962 సార్వత్రిక ఎన్నికల నుంచి దాన్ని తయారుచేస్తున్నది మైసూరులోని కర్ణాటక ప్రభుత్వ సంస్థ మైసూర్ పెయింట్స్ అండ్ వార్నిష్. దాన్ని మన వేలికి పూసేది దొంగ ఓటు ఆపడానికే. కానీ గోరు ఎలా పెరుగుతుందో చూపడానికి అంతకు మించిన సాధనం ఇంకోటి లేదు. గోటి మీద ఏ నలుపు కనబడినా అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా అందులోనే ఉంది: ఈ నలుపు గోటితో పాటు ముందుకు నడిచి వెళ్లిపోతోందా, మొదట్లోంచి మళ్లీ మళ్లీ పుట్టుకొస్తోందా? వెళ్లిపోయేది ఎప్పుడో జరిగిపోయినదాని గుర్తు. పుట్టుకొస్తున్నది ఇప్పుడు లోపల జరుగుతున్నదాని గుర్తు. వైద్యులు పెట్టుకున్న పేర్లు ఎన్ని ఉన్నా, గోటి నలుపు కథంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది.

గోరు తయారయ్యేది మొదట్లో, చర్మం మడత కింద దాగి ఉండే మెత్తని కణజాలంలో. దాన్ని మేట్రిక్స్ అంటారు. బొటనవేలి గోటి మొదట్లో తెల్లగా కనిపించే నెలవంక దాని కొసే. మగ్గం మీంచి బట్ట దిగినట్టు అక్కడి నుంచి చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు దిగుతుంది. కాలిగోరు అందులో సగమో, ఇంకా తక్కువో. చేతిగోరు పూర్తిగా కొత్తది కావడానికి ఆరు నెలలు పడితే, కాలి బొటనవేలి గోటికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. రంగు పుట్టించే మెలనోసైట్ కణాలు మేట్రిక్స్‌లోనూ ఉంటాయి. చర్మంలో ఉన్నన్ని ఉండవు, ఉన్నవాటిలో కూడా చాలావరకు నిద్రలోనే ఉంటాయి. అవి ఒకచోట మేలుకున్నాయంటే దిగే గోటిలో ఆ మేరకు రంగు కలుస్తుంది. పడుగులో ఒక రంగు పోగు పడితే బట్ట పొడుగునా చార వచ్చినట్టు, గోటి పొడుగునా గోధుమరంగు చారో నల్ల చారో దిగుతుంది. మేట్రిక్స్ మొత్తం కొన్నాళ్లు రంగు కలిపి ఆపేస్తే, పేకలో రంగు పడ్డట్టు గోటికి అడ్డంగా పట్టీ వస్తుంది. ఈ పడుగు పేకల తేడా ముందుముందు చాలాసార్లు పనికొస్తుంది.

కాబట్టి నలుపు ఉండగల చోట్లు మూడే: గోటి పైన, గోటి కింద, గోటి నేతలో.

పైన పడే రంగుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు అరచేతిలో కొద్దిరోజులకే వెలిసిపోయినా, గోటి మీద దసరా దాకా నిలుస్తుంది. ఆకులోని లాసోన్ అనే రంగుపదార్థం గోటి కెరటిన్‌ని గట్టిగా పట్టుకోవడమే కారణం. పలాసలో జీడిగింజలు ఒలిచేవాళ్ల వేళ్లు జీడిపిక్క నూనెకు నల్లబడతాయి. అరటికాయ జిగురు, తలకు వేసుకునే రంగు, పుండ్లు కడుక్కోమని ఇచ్చే పొటాషియం పర్మాంగనేట్, చుట్టపొగ, వారాల తరబడి తీయని ఎర్ర నెయిల్ పాలిష్, అన్నీ ఈ తరగతే. పైరంగుకు ఒక గుర్తుంది. దాని మొదటి అంచు చర్మం మడత వంపు ఎలా ఉందో అలాగే ఉంటుంది, ఎందుకంటే రంగు పడిన రోజున చర్మం కప్పినంత మేర దానికి రంగు అంటలేదు. డాక్టరు బ్లేడుతో మెల్లగా గీకితే పొడిగా రాలిపోతుంది. రాలలేదంటే మచ్చ పైన లేదన్నమాట.

కింద ఉండేది చాలాసార్లు నెత్తురే. తలుపు సందులో వేలు నలగడం, సుత్తి దెబ్బ గురి తప్పడం, రోకలి వేలి మీద పడటం, కాలికి ఎదురుదెబ్బ తగలడం, ఇవి జరగని ఇల్లుండదు. గోటికీ దాని కింది ఎముకకూ మధ్య జాగా దాదాపు లేదు. అక్కడ చిట్లిన నెత్తురు ఎటూ పోలేక గూడు కడుతుంది, అందుకే ఆ పోటు అంత భరించలేనిది. రంగు మొదట ఎర్రగా, తర్వాత వంకాయ రంగులో, చివరికి నల్లగా మారుతుంది. మొదటి ఒకటి రెండు రోజుల్లో డాక్టరు దగ్గరికి వెళ్తే గోటికి సన్నని రంధ్రం పెట్టి నెత్తురు వదిలేస్తారు. నొప్పి అక్కడికక్కడే తగ్గుతుంది. ఆ గడువు దాటితే నెత్తురు గడ్డకట్టి ఉంటుంది కనుక రంధ్రంతో ప్రయోజనం తక్కువ. గుండుసూది కాల్చి ఇంట్లోనే గుచ్చుకునే వాళ్లున్నారు. సూత్రం అదే గానీ, కింద ఎముక విరిగిందో లేదో చూసేది ఎవరు? విరిగిన ఎముక దాకా మురికి సూది దారి తీస్తే అది వేలికే చేటు. గోటిలో సగానికి మించి నెత్తురుంటే గోరు పీకి చూడాలని ఒకప్పుడు చెప్పేవారు. గోటి అంచులు చెక్కుచెదరకుండా ఉంటే రంధ్రంతో సరిపెట్టవచ్చన్నది ఇప్పటి మాట.

గోరు మొదటికంటా ఊడి పైకి తేలినా, వేలికొస వంగిపోయినా, స్పర్శ లేకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, ఎక్స్‌రే తీయించాలి. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. వాళ్ల వేలి ఎముకలో పెరుగుదల జరిగే చోటు సరిగ్గా గోటి మొదలు కిందే ఉంటుంది. అక్కడ విరిగితే పైకి గోటి దెబ్బలాగే కనబడుతుంది. కట్టుకట్టి ఊరుకుంటే ఎముకకు చీము పట్టవచ్చు.

మామూలు నెత్తురు గడ్డ మాత్రం ఓటు సిరాలాగే ప్రవర్తిస్తుంది. రెండు మూడు వారాలకు వెనక తెల్లని గోరు పుడుతుంది, నలుపు ముందుకు కదులుతుంది. చేతికైతే నాలుగు నుంచి ఆరు నెలల్లో వెళ్లిపోతుంది. కొన్నిసార్లు గోరే ఊడి కిందినుంచి కొత్తది వస్తుంది. బిగుతు బూట్లతో రోజూ పరుగెత్తేవాళ్ల కాలి గోళ్లలో మాత్రం పాత గడ్డ కదిలేలోపే కొత్త గడ్డ చేరుతుంది. అది కదలనట్టే అనిపించి తికమక పెడుతుంది. గోటి కొస దగ్గర పుల్ల గుచ్చుకున్నట్టు సన్నగా, ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడుగున కనిపించే నల్లని గీతలు కూడా నెత్తురే. చేతిపని చేసేవాళ్లలో అవి మామూలు. కానీ చాలా వేళ్లకు ఒకేసారి, అందులోనూ గోటి మొదలుకు దగ్గరగా వచ్చి, వాటితో పాటు వదలని జ్వరం, ఆయాసం ఉంటే, ముఖ్యంగా గుండె కవాటాల జబ్బు ఉన్నవాళ్లలో, గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ సోకిందేమో చూడాలి. అప్పుడు వెళ్లాల్సింది చర్మం డాక్టరు దగ్గరికి కాదు.

గోటి నలుపుకు దెబ్బే కారణమని మనవాళ్లు ఎప్పుడో గుర్తించారు. సుశ్రుత సంహిత నిదాన స్థానం కునఖమనే జబ్బును చెబుతుంది: దెబ్బ తగిలి చెడి, ఎండి, నల్లబడి, గరుకెక్కిన గోరు. అదే కునఖాన్ని మనుస్మృతి ఇంకోలా చూపిస్తుంది, పూర్వజన్మలో బంగారం దొంగిలించినవాడి గుర్తుగా. వైద్యుడికి వేలు కనబడింది, శాస్త్రకారుడికి పాపం కనబడింది. పెళ్లిచూపుల్లో చెయ్యి కొంగులో దాచుకునే అమ్మాయిని చూస్తే రెండో పుస్తకమే ఇంకా ఎక్కువ చెల్లుబాటవుతున్నట్టుంది.

గోటి కిందే పుట్టే ఇంకో నలుపు సూక్ష్మజీవుల పని. నీళ్లలో చేతులు నానేవాళ్లందరికీ ఇది తెలిసిన బాధే: అంట్లు తోమేవాళ్లు, హోటల్ వంటింట్లో పనిచేసేవాళ్లు, చాకిరేవులో బట్టలుతికేవాళ్లు, నాట్లేసే కూలీలు. గోటికీ చర్మానికీ మధ్య అతుకు నానినాని విడిపోతుంది. ఆ సందులో కాండిడా అనే శిలీంధ్రం చేరితే గోరుచుట్టు నెలల తరబడి తగ్గక, గోటి పక్క అంచు గోధుమగా, నల్లగా మారుతుంది. గోరు కిందినుంచి లేచినచోట సూడోమోనాస్ అనే బాక్టీరియా చేరితే అది ఊరించే పయోసయనిన్ అనే రంగువల్ల గోరు ఆకుపచ్చ కలిసిన నలుపుకు తిరుగుతుంది. ఈ మధ్య అతికించుకునే ప్లాస్టిక్ గోళ్ల కింద కూడా ఇది బాగా కనబడుతోంది. రెండింటికీ మందుకన్నా ముందు కావలసింది పొడితనం. లేచిన గోటి ముక్క కత్తిరించడం, తడి పనికి లోపల నూలు తొడుగు వేసుకుని పైన రబ్బరు తొడుగు వేసుకోవడం, పని కాగానే తుడుచుకోవడం. గోరుచుట్టుకు వేలికి నిమ్మకాయ తొడగడం మన ఇళ్లలో పాత అలవాటు. చల్లదనానికి హాయిగా ఉంటుందేమో గానీ, చీము పట్టిన వేలిని వారం రోజులు నిమ్మకాయలో మగ్గబెట్టడం నేనైతే చెప్పను.

గోటికి పట్టే శిలీంధ్రం మామూలుగా పసుపుగా, తెల్లగా, పొడి రాలుతూ ఉంటుంది. కొన్ని జాతులు మాత్రం తామే మెలనిన్ అనే రంగుపదార్థాన్ని తయారుచేసి గోటిని నల్లగా చేస్తాయి. మట్టిలో బతికే నియోసైటాలిడియం అనేది వాటిలో ఒకటి, మామూలు శిలీంధ్ర మందులకు త్వరగా లొంగదు. ఈ నలుపు చార ఎక్కువగా గోటి కొసన వెడల్పుగా మొదలై మొదటికి పోతూ సన్నబడుతుంది. లోపలికి పాకుతోంది కాబట్టి అలా ఉంటుంది. గోటిపొడిని సూక్ష్మదర్శిని కింద చూస్తే తేలుతుంది. తేల్చుకోకుండా మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాస్తే జబ్బు ముదిరి, డాక్టరుకు కూడా ఆనవాలు దొరకదు. సరైన మందు మొదలుపెట్టినా చేతిగోటికి ఆరు వారాలు, కాలిగోటికి మూడు నెలలు మింగాలి. పాత గోరు బాగుపడదు, కొత్త గోరు దిగాలి.

ఇప్పుడు నేతలో కలిసే రంగు. ఇక్కడే భయమూ ఎక్కువ, పొరపాటూ ఎక్కువ.

గోటి పొడుగున గోధుమరంగు చారలు రావడం నల్లని, చామనఛాయ ఒళ్లున్నవాళ్లలో సహజం. ఆఫ్రికన్ మూలాలున్నవాళ్లలో యాభై దాటేసరికి దాదాపు అందరికీ ఒకటో రెండో చారలు ఉంటాయి. జపాన్‌వాళ్లలో పది నుంచి ఇరవై శాతం మందికి ఉంటాయని చెబుతారు. తెల్లవాళ్లలో నూటికి ఒకరు. మనం ఈ కొసకూ ఆ కొసకూ నడుమ ఎక్కడో ఉన్నాం. మీ రెండు చేతుల వేళ్లలో మూడు నాలుగింటికి సన్నని, ఒకే రంగు చారలుంటే, ఏళ్లుగా అలాగే ఉంటే, అమ్మకో నాన్నకో కూడా ఉంటే, అవి పుట్టుమచ్చ లాంటివే. అమెరికాలో, ఇంగ్లండులో ఉన్న మనవాళ్లకు ఇందులో ఒక చిక్కుంది. అక్కడి వైద్య పుస్తకాల్లో ఫొటోలు చాలాకాలంగా తెల్ల చర్మానివి కావడంతో, మన చేతుల మీద మామూలైన చారలు అక్కడ కంగారు పుట్టించవచ్చు. వాళ్లు అడిగినప్పుడు ఎన్ని వేళ్లకున్నాయి, ఎన్నేళ్లుగా ఉన్నాయన్న రెండు మాటలు ముందు చెప్పడం మంచిది.

గర్భంతో ఉన్నప్పుడు, గోళ్లు కొరికే అలవాటున్నప్పుడు, బూటు ఒరుసుకుంటున్నప్పుడు కూడా మెలనోసైట్లు మేలుకుంటాయి. పిల్లల్లో ఒక వేలికి నల్లచార వస్తే అది ఎక్కువసార్లు గోటి మేట్రిక్స్‌లో పుట్టిన మామూలు పుట్టుమచ్చే. పెద్దవాళ్లలో భయపెట్టే లక్షణాలు పిల్లల్లో కనిపించినా క్యాన్సర్ కావడం బహు అరుదు. అందుకే పిల్లల వేలికి తొందరపడి కత్తి పెట్టరు, ఫొటోలు తీసి గమనిస్తారు.

చాలా గోళ్లకు ఒకేసారి, ఈ మధ్యే రంగు వచ్చిందంటే చూడాల్సింది గోళ్లను కాదు, మందుల చీటీని, ఒంటిని. హైడ్రాక్సీయూరియా వాడేవాళ్లలో గోటి చారలు తరచుగా వస్తాయి. ఆదిలాబాద్, పాడేరు వైపు గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బుకు ఇచ్చే ముఖ్యమైన మందు అదే కనుక, ఆ ఇళ్లలో ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి. లేకపోతే గోళ్లు నల్లబడ్డాయని భయపడి, ప్రాణం నిలిపే మందు మానేస్తారు. హెచ్ఐవీ చికిత్సలో జిడోవుడిన్ కూడా ఇంతే. మొటిమలకు దీర్ఘకాలం వాడే మినోసైక్లిన్, మలేరియా మందుల కుటుంబానికి చెందిన క్లోరోక్విన్ నీలి బూడిదరంగు తెస్తాయి. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్ల గోళ్లు చూస్తే పేక రంగు అంటే ఏమిటో తెలుస్తుంది: మోతాదు తర్వాత మోతాదుకు ఒక్కో అడ్డపట్టీ. చికిత్స అయ్యాక నెలల్లో అవి దిగిపోతాయి.

మనకు బాగా దగ్గరి కారణం ఇంకోటుంది, దానికి ఇవ్వాల్సినంత చోటు ఎవరూ ఇవ్వరు. బీ12 విటమిన్ లోపం. ఈ లోపంలో వేళ్ల కణుపుల మీదా అరచేతుల్లోనూ చర్మం, దాంతో పాటు గోళ్లూ నల్లబడతాయి. చర్మం ఇలా నల్లబడుతుందని 1963లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసింది మన పక్కనే ఉన్న వేలూరు సీఎంసీ వైద్యులు. మాంసం, గుడ్లు, పాలు తక్కువగా తీసుకునేవాళ్లకూ, షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకూ ఈ లోపం రావడం మామూలే. ఎండకు నల్లబడ్డానని అనుకుంటూ ఉంటారు, ఎండ కణుపుల్నే వెతుక్కుని పడుతుందా? దాంతో పాటు అరికాళ్ల తిమ్మిర్లు, నాలుక మంట, నీరసం ఉంటే ఒక రక్తపరీక్ష చాలు. ఇంజెక్షన్లు మొదలుపెడితే కొద్ది నెలల్లో నలుపు వెనక్కి పోతుంది. గోటి నలుపుల్లో ఇంత తేలికగా నయమయ్యేది ఇంకోటి లేదు. కానీ పట్టించుకోక నరాలు చెడితే అవి పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు.

కణుపులు, చేతి గీతలు, చిగుళ్లు కూడా నల్లబడి, బరువు తగ్గి, లేచి నిలబడితే కళ్లు తిరిగి, ఉప్పు తినాలనిపిస్తుంటే అది అడ్రినల్ గ్రంథులు చెడిన అడిసన్ జబ్బు కావచ్చు. 1855లో థామస్ అడిసన్ దాన్ని వర్ణించిన నాడు ముఖ్య కారణం క్షయే. మన దేశంలో ఇప్పటికీ క్షయ పెద్ద కారణాల్లో ఒకటి. కిడ్నీలు చెడినవాళ్లలో గోటి మొదటి సగం తెల్లగా, కొస సగం గోధుమగా కనిపిస్తుంది. ఆ గోధుమ పట్టీ నెలలు గడిచినా ముందుకు జరగదు, ఎందుకంటే రంగు గోటి పలకలో కాక దాని కింది కండలో ఉంది. ఇవన్నీ వైద్యుడి కళ్లకు వదిలేయాల్సినవే.

మిగిలింది క్యాన్సర్. అరుదు. కానీ మిగతావాటికి లేని గుణం దీనికొకటుంది, కాలం దాని పక్షాన ఉంటుంది.

జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలికి గాయమైతే ఫుట్‌బాల్ ఆడుతూ తగిలిన దెబ్బ అనుకున్నారు. 1977లో పరీక్ష చేస్తే గోటి కింద మెలనోమా అనే క్యాన్సర్ తేలింది. వేలు తీసేయాలని వైద్యులు చెప్పారు, ఆయన ఒప్పుకోలేదు. గోరూ దాని కింది కండా తీసి చర్మం అతికించారు. 1981 మే 11న మయామీలో చనిపోయాడు, 36 ఏళ్లకు. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది దెబ్బవల్ల క్యాన్సర్ వచ్చిందన్నట్టు చెబుతారు. అందులో పట్టుకోవలసింది వేరే ఉంది: దెబ్బ తగిలిందన్న జ్ఞాపకం అసలు జబ్బును కప్పేసింది. మన దగ్గర జరిగేదీ అదే. నల్లచార చూడగానే బుర్ర వెనక్కి వెళ్లి ఏదో ఒక దెబ్బను వెతికి తెస్తుంది. ఎప్పుడో గడప తగిలింది, ఎప్పుడో గ్యాస్ బండ జారింది. దెబ్బలేని వేలు ఎవరికి ఉంది గనక? ఈ జబ్బు ఆలస్యంగా తేలడానికి నాకు కనబడే పెద్ద కారణం ఇదే. రోగి దెబ్బ అంటాడు, డాక్టరు నమ్ముతాడు, ఏడాది గడుస్తుంది. నెత్తురైతే అప్పటికి గోటి కొసకు చేరి కత్తిరింపుకు పోయి ఉండాలి కదా అని ఎవరూ లెక్క వేయరు.

లండన్ శస్త్రవైద్యుడు జొనాథన్ హచిన్‌సన్ 1886లో దీనికి పెట్టిన పేరును తెలుగు చేస్తే ‘నల్ల గోరుచుట్టు’ అవుతుంది. గోటి రంగు గోటితో ఆగకుండా చుట్టూ ఉన్న చర్మం మీదికి, మొదటి మడత మీదికి పాకడం ప్రమాద సూచన అని ఆయన గమనించాడు. దాన్ని ఇప్పటికీ హచిన్‌సన్ గుర్తు అనే అంటారు. మడత చర్మం పలచగా ఉండి కింది రంగు దానిలోంచి కనబడినా అలాగే అనిపించవచ్చు, కాబట్టి ఆ ఒక్కటే చూసి తీర్పు చెప్పరు. 2000లో అమెరికా చర్మవైద్యులు ఇంగ్లిష్ అక్షరాల వరసలో ఒక పట్టీ రాశారు. దాని సారం ఇది. వయసు నలభైకి డెబ్బైకి మధ్య. చార గోధుమ నుంచి నలుపు, వెడల్పు 3 మిల్లీమీటర్లు, అంతకు పైన, అంచులు అలుక్కుపోయి ఉండటం. రంగులోనో వెడల్పులోనో మార్పు, లేదా మందు వాడినా మారకపోవడం. వేలు: చేతి బొటనవేలు, కాలి బొటనవేలు, చూపుడువేలు. రంగు చర్మం మీదికి పాకడం. ఇంట్లో మెలనోమా చరిత్ర. మొదటి అంశం కిందే ఆసియావాళ్ల పేరూ ఉంది. దీన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. తెల్లవాళ్లకు ఎండవల్ల ఒంటి మీద వచ్చే మెలనోమాలు మనకు చాలా తక్కువ. గోటి కింద, అరికాళ్లలో వచ్చేవి మాత్రం అన్ని జాతులకూ ఇంచుమించు ఒకే తీరు, వీటికి ఎండతో పెద్దగా పని లేదు. కాబట్టి మనకు మెలనోమా అంటూ వస్తే అరికాళ్లలోనో గోటి కిందో వచ్చే పాలు ఎక్కువ.

ఈ క్యాన్సర్ అన్నిసార్లూ నల్లగా ఉండదు. కొన్నిటికి రంగే ఉండదు. గోరు చీలి, కింద ఎర్రని కండ పెరిగి, తాకితే నెత్తురు కారుతూ, మానని పుండులా ఉంటుంది. గోరుచుట్టు అనుకుని నెలల తరబడి కట్లు కట్టేది దీనికే. ఇంకోవైపు, గోటి కింద నీలి చుక్కలా ఉండి చన్నీళ్లు తగిలితే ప్రాణం పోయేంత నొప్పి పెట్టేది గ్లోమస్ కణితి. అది క్యాన్సర్ కాదు, తీసేస్తే బాధ పోతుంది.

మరి ఎప్పుడు వెళ్లాలి? నలిగిన వేలు పోటు పెడుతుంటే ఆ రోజే. చీము, జ్వరం, ఎర్రదనం వేలు దాటి పైకి పాకడం, ఇవి ఉన్నా ఆ రోజే. షుగరున్నవాళ్లు కాలిగోటి నలుపును ఒక్క రోజు కూడా నాన్చకూడదు. నలుపు గోటికే కాక వేలికొసకూ వచ్చి, వేలు చల్లబడి, నొప్పి పుడుతుంటే అది రక్తప్రసరణ ఆగిన వేలు. బీడీ, సిగరెట్ బాగా కాల్చే మగవాళ్లలో ఇది చూస్తాం. అది అత్యవసరం. పెద్దవాళ్లలో ఒకే వేలికి కొత్తగా చార మొదలైతే, ఉన్న చార వెడల్పవుతుంటే, మొదట్లో వెడల్పుగా కొసన సన్నగా ఉంటే, రంగు చర్మం మీదికి వస్తే, గోరు చీలినా ఊడినా, పుండు మానకపోయినా, ఒకటి రెండు వారాల్లో చర్మవ్యాధి నిపుణుల్ని కలవాలి. మొదట్లో వెడల్పు అంటే మగ్గం దగ్గర రంగు పోగులు రోజురోజుకూ పెరుగుతున్నాయని. దెబ్బ అని గట్టిగా నమ్మకం ఉంటే దానికీ ఒక గడువు పెట్టుకోండి. ఈ రోజు ఫోన్‌తో వెలుతురులో ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టండి. నెలకోసారి అదే చోట, అదే తీరున. రెండు నెలల్లో మొదట్లో శుభ్రమైన గోరు కనబడాలి. కనబడకపోతే మీ జ్ఞాపకాన్ని కాదు, ఫొటోను నమ్మండి.

డాక్టరు దగ్గర మొదట జరిగేది నొప్పిలేని పనే. డెర్మోస్కోప్ అనే వెలుగుతున్న భూతద్దంతో చూస్తే నెత్తురు గుండ్రని చుక్కలుగా, మెలనిన్ సమాంతర గీతలుగా తెలుస్తుంది. ఆ గీతలు రంగులోనూ వెడల్పులోనూ ఒకదానికొకటి పొసగకపోతే అనుమానం పెరుగుతుంది. శిలీంధ్రం అనుకుంటే గోటి ముక్క పరీక్షకు పంపుతారు. క్యాన్సర్ అనుమానమైతే గోటి ముక్క చాలదు, మేట్రిక్స్‌లోంచి ముక్క తీయాలి. వేలి మొదట్లో మత్తు ఇచ్చి చేస్తారు. తర్వాత గోటిలో ఒక గీతలా లోటు మిగలవచ్చు. ఆ భయంతోనే చాలామంది వాయిదా వేస్తారు. పై పొరలోనే ఉన్న దశలో పట్టుబడితే గోటినీ దాని కింది భాగాన్నీ తీసి చర్మం అతికించి వేలిని నిలుపుతారు. లోపలికి దిగాక వేలిలో కొంత పోతుంది, శోషరస గ్రంథుల్ని కూడా చూడాల్సి వస్తుంది. వాయిదా వేసిన ప్రతి నెలా ఈ రెండు దశల మధ్య దూరాన్ని తగ్గిస్తుంది.

వెళ్లేముందు చేయాల్సినవి చిన్నవి. పాలిష్ ఉంటే అన్ని వేళ్లకూ తీసేయండి, గోరింటాకు పెట్టుకుని ఉంటే ఆ సంగతి చెప్పండి. వాడుతున్న మందుల చీటీలన్నీ, నాటు మందులతో సహా, వెంట తీసుకెళ్లండి. పాత ఫొటోల్లో చేతులు కనబడేవి ఏవైనా ఉంటే ఫోన్‌లో వెతికి పెట్టుకోండి, పెళ్లి ఫొటోలు ఇందుకు బాగా పనికొస్తాయి. చేతిగోరు చూపించుకోవడానికి వెళ్లినా కాళ్లు కూడా చూపించండి. చెప్పులు విప్పమని అడిగేంత తీరిక మన ఓపీల్లో డాక్టర్లకు ఉండదు.